పిల్లల యెదుట డబ్బు మాట

పిల్లల యెదుట డబ్బు మాట యెత్తరాదను నియమ మొకటి మన గృహములలో వేదవాక్కువలె చెల్లుచున్నది. తండ్రి అప్పు తెచ్చిన సంగతిని తలుపు చాటున చెప్పుకొందురు. తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోయినచో మెఱుగు పెట్టుటకు ఇచ్చితిమని బిడ్డతో బొంకుదురు. పదేండ్ల బాలుడు మన కెంత యప్పున్నదని యడిగెనా, "పెద్దల సంగతులు నీకేలరా, పోయి చదువుకో" అని కసరుదురు. ఈ కసరే గొప్ప శిక్షణమని మనవారి నమ్మకము. డబ్బు సంగతి తెలిసిన పిల్లవాడు చెడిపోవుననియు, తెలియనివాడు నిర్మలుడై పెరుగుననియు వీరి సిద్ధాంతము. ఈ సిద్ధాంతము అబద్ధము. ఎన్నో కుటుంబములను నిలువున ముంచిన అబద్ధము.

పోనీ, ఈ నియమమును పెట్టినవారైనను దానిని పాటించుచున్నారా? మేనత్త కూతునకు సంబంధము వచ్చిన నాడు నడుమ వసారాలో బంధువులందఱు కూర్చుండి పెండ్లికుమారునికి ఎకరము లెన్ని, జీత మెంత, కట్న మెంత, ఆడబిడ్డ లాంఛనము లెంత యని గంటల తరబడి బేరమాడుదురు. కట్నమును 1961లోనే శాసనము నిషేధించినది గదా యని అచ్చట నెవ్వరును తలపరు. పిల్లలు ఆ చాప మీదనే ఆడుకొనుచుందురు. వారిని లోపలికి పొమ్మను వారొక్కరును లేరు. ఏడేండ్ల బాలుడు తానును పెద్దవాడై ఉద్యోగస్థుడైనచో ఇంత పలుకుదునని ఆ దినముననే గ్రహించును. వాని చెల్లెలు తాను ఇంటికి బాకీయని గ్రహించును. ఆ బాలునికి కిలో కందిపప్పు ధర తెలియదు. తన ధర మాత్రము తెలియును. కావున పిల్లలకు డబ్బును గూర్చి బోధింపవలెనా వలదా యను ప్రశ్నయే మనకు లేదు. బోధ యెడతెగక జరుగుచునే యున్నది. అది యే బోధ యనునదే ప్రశ్న.

మన యిండ్లలో పొదుపును నేర్పుటకు వాడు సాధనము మట్టి హుండీ. తిరునాళ్లలో కొనితెచ్చి, పిల్లవానిచే నాణెములు వేయించి, తల్లిదండ్రులు మురిసిపోదురు. ఆషాఢ మాసమున చేతిలో కాసు లాడక, కూలీల కియ్యవలసి వచ్చిన నాడు ఆ హుండీ పగులును. "మరల వేయుదుములే" యందురు, వేయరు. అట్లే నామకరణములకు పెండ్లిండ్లకు పోయినపుడు తాతలు మామలు పిల్లల చేతిలో పెట్టిన నోట్లను తల్లి "నేను దాచెదను, ఇటు తెమ్ము" అని పుచ్చుకొనును. ఎచ్చట దాచెనో బ్రహ్మకైనను తెలియదు. నేను తల్లులను నిందించుట లేదు. ఆ డబ్బు పాలకో మందులకో పోయియుండును. కాని ఆలోచింపుడు: అప్పు తీసికొనువాడు ఇచ్చినవానికి లెక్క చెప్పనక్కఱలేదనియు, తీర్తుననుట వట్టి మాటయే యనియు బిడ్డ మొదటి పాఠము నేర్చుకొనుట తన హుండీ పగిలిన నాడే. ఆ వంద రూపాయలు తీసికొనునపుడు ఒక కాగితము మీద "మా అబ్బాయి వద్ద 100 రూపాయలు తీసికొంటిమి, సంక్రాంతికి ఇయ్యగలము" అని వ్రాసి యిచ్చి, సంక్రాంతికి తీర్చి, ఆ కాగితమును వాని యెదుటనే చింపివేసినచో ఎంత భేదము! అటువంటి యిల్లు నూటి కొకటియైన నున్నదా?

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలుదారిలో జంపని యను గ్రామము కలదు. వేమూరు మండలములోనిది. 2022 ఏప్రిలు వఱకు గుంటూరు జిల్లాలోను, పిమ్మట క్రొత్తగా నేర్పడిన బాపట్ల జిల్లాలోను చేరినది. ఇతర గ్రామములకంటె అది చెడ్డదని గాదు, కృష్ణ పశ్చిమ డెల్టాలోని తక్కిన గ్రామములవంటిదే యగుటచే దాని పేరు చెప్పుచున్నాను. కాలువ నీరు, వరి, వరి కోసిన పిదప మినుము. చేను గలవాడొకడు, దున్నువాడు వేఱొకడు. చేను గలవాడు తెనాలిలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో యుండును. దున్నువాడు కౌలుదారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వము పంట సాగుదారుల హక్కుల చట్టము చేసినది గాని, దాని క్రింద కార్డు పొందవలెనన్న భూమి యజమాని సంతకము కావలెను. యజమాని వెఱచును, సంతకము పెట్టడు. కార్డు లేనివానికి బ్యాంకులో పంట ఋణము దుర్లభము. కావున ఆకుమడి పోయు నాటికి కౌలుదారు ఊరిలోనే ఒకరి గుమ్మ మెక్కి ప్రామిసరీ నోటు వ్రాసి యిచ్చును.

ఆ నోటును చదువరులు ఒక్క నిమిషము నిదానముగ చూడవలెను. మన పిల్లల పాఠ్యపుస్తకము అదియే కావలెనని నా వాదము. అందు "నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ" యని యుండును. రెండు రూపాయలనగా వినుటకు ఎంత స్వల్పము! మిఠాయి బిళ్ల వెల. అది యేటికి నూటికి ఇరువదినాలుగు. బ్యాంకులో మూడు లక్షల వఱకు పంట ఋణమునకు ఏటికి ఏడు, గడువులోపల తీర్చినవానికి నాలుగే. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు మూడేండ్లు ఏమియు చెల్లింపనిచో 72,000 వడ్డీ యగును. కాలదోష చట్టము ననుసరించి నోటునకు మూడేండ్లే ఆయువు. ఆలోపల చెల్లు పడవలెను, లేదా నోటు తిరుగ వ్రాయవలెను. తిరుగ వ్రాయునపుడు వడ్డీ అసలులో గలియును. 1,72,000 క్రొత్త అసలు. ఆఱేండ్లకు 2,95,840. తొమ్మిదేండ్లకు 5,08,844 రూపాయల 80 పైసలు. కాగితము మీద నున్నది బారువడ్డీయే; మూడేండ్ల కొకసారి నోటు తిరుగ వ్రాయుటచేత అది చక్రవడ్డీ యైనది. ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ పదవ తరగతికి వచ్చునప్పటికి లక్ష అయిదు లక్షలు దాటినది. ఆ తొమ్మిదేండ్లును ఆ బిడ్డ ఆ యింటిలోనే యన్నము తినుచున్నది, ఆ బడిలోనే లెక్కలు చేయుచున్నది. బడిలో చక్రవడ్డీ లెక్కకు పూర్ణ మార్కులు తెచ్చుకొన్నది. తన యింటి పెట్టెలో చక్రవడ్డీ యున్నదని మాత్ర మెఱుగదు!

ఇంతకంటె వింత యేమి కలదు? ఊరిలో అప్పిచ్చువాడు ఉండవలెనని చెప్పు సుమతీ శతక పద్యమును ఆ బిడ్డ గడగడ ఒప్పగించును. ఆ యప్పు ఎట్లు పెరుగునో అడుగుడు, నీళ్లు నమలును. తండ్రి అయిదువేలు కట్టివచ్చిన నాడు, "నోటు వెనుక చెల్లు వేయించితివా నాన్నా?" యని యడుగగల పిల్ల యొకతె ఆ యింట నున్నచో, ఆ యొక్క ప్రశ్న ఎంత యాస్తిని కాపాడునో న్యాయస్థానములలో తిరిగినవారికి తెలియును.

ఈ యజ్ఞానము క్రొత్తది కాదు. పూర్వము వీధిబడులలో ఎక్కములు, వీసముల లెక్కలు గట్టిగా చెప్పిరని మన పెద్దలు కొనియాడుదురు. రూపాయికి పదునాఱణాలు, అణాకు పండ్రెండు పైసలు, వెరసి నూట తొంబదిరెండు పైసల లెక్కను ఆనాటి పిల్లలు నోటనే చేసిరన్నది సత్యమే. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చిన పిదప ఆ శ్రమ తప్పినది. కాని ఆ వీధిబడిలో కూర్చున్న పిల్ల లెవరు? కరణము కొడుకు, కోమటి కొడుకు. పాలేరు కొడుకు గొడ్లవెంట నుండెను; ఆడపిల్ల యింట నుండెను. లెక్క యనునది ఒక విద్యగా గాక ఒక యాయుధముగ కొందఱి చేతనే యుండెను. తక్కినవారు వేలిముద్ర వేసిరి. 1984లో కరణీకములు రద్దైనవి. కాని కరణము వ్రాసినదే లెక్క యను భయము మన యెముకలలో నిలిచియే యున్నది. బ్యాంకు గుమాస్తా చూపిన చోట చదువకుండ సంతకము పెట్టు పట్టభద్రులను ఎంతమందిని చూడలేదు!

1930 ప్రాంతమున ధాన్యపు ధరలు కూలినపుడు ఈ డెల్టా రైతులు అప్పులలో మునిగిపోయిరి. ఆచార్య రంగాగారు నిడుబ్రోలులో రైతు విద్యాలయము పెట్టి, శిస్తు, ధర, అప్పు, సంఘము అనువానిని గూర్చి రైతులకు బోధింపించిరి. 1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనము చేసి, పాత బాకీల వడ్డీలను తగ్గించి, అసలునకు రెట్టింపు అప్పటికే చెల్లించిన రైతు బాకీ తీరినట్లే యని నిర్ణయించినది. మంచిపనులు. కాని రెండును మునిగినవానికి అందించిన చేయూతలే. నడివయస్సున, నెత్తిపై బాకీ పెట్టుకొని నేర్చిన పాఠమును పండ్రెండేండ్ల ప్రాయమున ఏల నేర్పరాదని అడుగువారు నాడును అరుదు, నేడును అరుదు.

డబ్బు రుచి మఱిగిన పిల్లవాడు లోభి యగునని కొందఱు వాదింతురు. లోభమునకు మూలము లెక్క కాదు. ఇంటిలో ఎంత యున్నదో తెలియనివాడే ఎంతైన నున్నదని భ్రమించి మోటారు సైకిలు కొనుమని అలుగును. కొననిచో ఉరి వేసికొందునని బెదరించును. తండ్రి ఆదాయము పిడికెడని తెలిసిన పిల్లవాడు అలుగుటకు ముందు రెండు మాఱులు తలచును. మఱికొందఱు డబ్బు సంగతి అల్పమనియు, విద్యావంతులకు తగదనియు నందురు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యులు, కాంగ్రెసు చరిత్రకారులు, జాతీయనాయకులు. వారే 1923లో బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది గాని, సామాన్యుల పొదుపులను ఒకచోట చేర్చుట దేశసేవయే యని ఆ పెద్దలు తలచిరన్న మాట చెఱగదు. డబ్బు అల్పమని చెప్పువారి యింట మొదటి తారీఖు నాటి వాదులాటలు ఎవరైన వినియున్నచో వారికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

బిడ్డకు కష్టము తెలియనీయరాదను తల్లుల మాట యొక్కటియే గౌరవింపదగినది. అందు ప్రేమ కలదు. కాని పిల్లలు కష్టమును మాటలచే గాక ముఖములచే తెలిసికొందురు. అర్ధరాత్రి గుసగుసలు, అన్నము తినకుండ లేచిపోవు తండ్రి, వాకిట నిలిచి పేరు పెట్టి పిలుచు బాకీదారు: వీనిని కప్పిపెట్టుట యెవరి తరము? కారణము తెలియని బిడ్డ, తన వలననే యేదో దోషము జరిగినదని కుమిలిపోవును. లక్ష బాకీ యున్నది, ఈ యేడు ఇరువది వేలు తీర్తుము, అందుచే క్రొత్త బట్టలు ఒక జతయే యని చెప్పినచో బిడ్డ ఏడ్చునేమో గాని భయపడదు. అంకె గల కష్టము అంకె లేని కష్టముకంటె చిన్నది.

ఇంకొక వర్గము వారిపై నాకు పై మువ్వురిపై కంటె హెచ్చు కోపము. వీరు ఇటీవల బయలుదేఱినారు. పండ్రెండేండ్లవానికి వాటాల బజారు నేర్పి యిరువదియేండ్లకు కోటీశ్వరుని చేయుదుమని రుసుము పుచ్చుకొందురు. పంచదార డబ్బాలో చేయి పెట్టుట నేర్పుట వంట నేర్పుట కాదు.

ఆడపిల్లల సంగతి వేఱుగ చెప్పవలెను. ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితయగు కుమార్తెకు ఉమ్మడి యాస్తిలో కుమారునితో సమానమగు భాగము శాసనసిద్ధమైనది. దేశమంతటను కుమార్తెలకు 2005లో ఆ హక్కు వచ్చినది. నలువదేండ్లు గడచినను, భాగ మడిగిన కూతును గయ్యాళి యనుట మన యూళ్లలో మానలేదు. ఏమని యడుగవలెనో ఆమెకు నేర్పినవారు లేరు. అడంగల్ అనగా నేమో, పాసుపుస్తకములో తన పేరు లేకున్న నేమగునో అన్నకు చెప్పుదురు, చెల్లెలికి చెప్పరు. ఆమె సంతకమును మాత్రము రిజిస్ట్రారు కచ్చేరీలో హక్కు విడుదల పత్రము మీద పెట్టింతురు. అట్టి సంతకమునకు బదులుగా చీర పెట్టి పంపిన యన్నలు లేరా?

ఆడువారికి లెక్క చేతగాదనువారు నెల్లూరు జిల్లా వంక చూడవలెను. 1991, 92లలో దూబగుంట మొదలగు గ్రామముల స్త్రీలు సారా అంగళ్లను మూయించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమందు సారా నిషిద్ధమైనది. అప్పుడే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి పేర దినమునకు రూపాయి చొప్పున కూడబెట్టు సంఘములు పుట్టినవి. సారాకు పోవు రూపాయి యెచ్చటకు పోవలెనో ఆ స్త్రీలు లెక్క వేసిరి. ఆ పుస్తకములను వ్రాసినవారిలో చదువు రానివారి పక్షమున వ్రాసిపెట్టిన బడిపిల్లలును కలరు. తల్లి చెప్పుచుండ బిడ్డ వ్రాసిన ఆ పద్దులకు మించిన పాఠశాల యేది?

చీటీల సంగతి చెప్పక విడువరాదు. అవి లేని వీధి మనకు లేదు. ఇరువదిమంది నెలకు అయిదువేల చొప్పున వేయగా లక్ష కూడును. రెండవ నెలలో ఒకరు ఇరువదియైదువేలు తగ్గించి పాడి డెబ్బదియైదువేలు తీసికొనును. తగ్గిన సొమ్ము ఇరువదిమందికి పంచగా, చీటీదారు కమీషనును విడిచిపెట్టినచో, తలకు 1,250. ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసినది 3,750. పాట పాడినవాడు తాను వడ్డీ కట్టుచున్నానని తలపడు. తక్కినవారు తమకు లాభము వచ్చినదని మాత్రము తలతురు. పాటలో పోయిన యిరువదియైదువేలే వడ్డీ యని పదేండ్ల పిల్లకు చింతగింజలతో అరగంటలో చూపవచ్చును. ఆ చీటీ రిజిస్టరు అయినదా యని యడుగుటకూడ అప్పుడే నేర్పవచ్చును. ఇట్టి ప్రశ్న లడుగు అలవాటు లేకపోవుటచేతనే గదా, విజయవాడ కేంద్రముగ నడచిన అగ్రిగోల్డు సంస్థలో పలు రాష్ట్రముల లక్షలమంది సొమ్ము వేసి, 2015 నాటికి చెల్లింపులు నిలిచిపోగా వీధిని బడిరి! ప్రభుత్వము 2019లో పదివేల లోపువారికి, 2021లో ఇరువదివేల లోపువారికి చెల్లించినది. ప్రజల పన్నులలోనుండి చెల్లించిన ఆ సొమ్మును మన యజ్ఞానమునకు కట్టిన జరిమానా యనక తప్పదు.

నేటి పిల్లలకు వేఱొక కీడు కలదు: డబ్బు కంటికి కనబడుట మానినది. తండ్రి ఫోనును దుకాణపు కోడు ముందు పట్టుకొనును, గంట మ్రోగును, బిస్కట్లు వచ్చును. పావలా పోయినదని ఏడ్చిన పిల్లల కాలమైన మేలు, పోయినట్లు తెలిసెడిది. ఫోనులోని పందెపు ఆటలను రాష్ట్రము 2020లోను, పార్లమెంటు 2025 ఆగస్టులోను నిషేధించినవి. 2020 చివర తెలంగాణలో ఫోను అప్పుల సంస్థల వేధింపులకు తాళలేక యువకులు ప్రాణములు తీసికొనిరి. వారు చదువుకొన్నవారే. వారమున కింత యనిన వడ్డీ యేటి కెంతయో వారి కెవరును ఇంటిలో చెప్పియుండరు.

కాబట్టి ఏమి చేయవలెనని యడుగుదురు. నేను క్రొత్త పాఠ్యప్రణాళికను కోరుట లేదు. సర్కారునకు విన్నపము పంపుటయు లేదు. ఇంటిలో జమాఖర్చుల పుస్తక మొకటి పెట్టి, నెల కొకమాఱు పిల్లల యెదుట పైకి చదువవలెను. జమ యిది, ఖర్చిది, నిలువ యిది, బాకీ యిది. తండ్రి చుట్టల ఖర్చు, మద్యపు ఖర్చు దానిలో నుండవలెనా యని యడుగువా రుందురు. అవశ్యముగ నుండవలెను. ఈ పుస్తకమును తండ్రులు వ్యతిరేకించుటకు కారణము అదియే యని నా యనుమానము. ఆఱేండ్ల బిడ్డకు పది రూపాయలిచ్చి కొత్తిమీర తెమ్మని, చిల్లర లెక్క చెప్పుమనవలెను; కొన్నాళ్లపాటు ఫోనును ప్రక్కన పెట్టి నోట్లతోనే కొనిపింపవలెను. పది నిండినవారు తమ పేర తామే పొదుపు ఖాతా నడుపుకొనుటకు రిజర్వు బ్యాంకు 2014లోనే దారి యిచ్చినది, 2025 ఏప్రిలులో మఱల విశదీకరించినది. తపాలా కచ్చేరీ పొదుపు బ్యాంకు 1882 నుండి యున్నది. ఖాతా తెఱచుటతో సరిపెట్టక, ఆ పుస్తకమును బిడ్డ చేతికే యియ్యవలెను. బిడ్డ తప్పు చేయును. నూఱు రూపాయలు తగలేసి పనికిరాని బొమ్మ కొనును. కొననిండు. నూఱు రూపాయలతో పోవు తప్పు అది. అదే తప్పు పెండ్లియైన పిదప చేసినచో అరయెకరముతో పోవును.

ఈ యేడు జంపనిలో వరి నూర్పిడియై, కాటా లారీ చేను గట్టునకు వచ్చు నాడు పిల్లలను బడికి ఒక పూట మాన్పించినను పాపము లేదు. బస్తాల నెంచుట పిల్లకు ఒప్పగింపవలెను. తేమ కెంత తగ్గించిరి, బస్తా కెంత తరుగు తీసిరి, హమాలీ కెంత, కౌలునకు ఎన్ని బస్తాలు పోయినవి, నోటు బాకీకి ఎంత కట్టుదురు అని ఆమె పలకమీదనో పుస్తకములోనో వ్రాసికొన్న పిమ్మట, సాయంకాలము తండ్రి జేబులోని కాటా చీటీని అడిగి తీసికొని రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచును. అంకెలు కలియనిచో ఆ రాత్రియే తండ్రిని అడుగును. తండ్రికి తెలియనిచో ఇద్దఱును తెల్లవాఱి వ్యాపారి యింటికి పోయి అడుగవలెను.